దారం లేని చేతులకు దసలి సాల

కరీంనగర్ జిల్లా మహదేవపూర్ కాపురస్తురాలిని, కీర్తిశేషులు ఆడెపు అంతయ్య గారి పెద్ద బిడ్డను, యాభై ఆరేళ్ల వయసుగల ఆడెపు లస్మవ్వ అనే నేను, ఈ సోమవారం పొద్దున స్నానం చేసి, కాళేశ్వరం ముక్తీశ్వరునికి ఉన్నచోటి నుంచే దండం పెట్టుకొని, ఎవరి బలవంతమూ లేకుండా నా చేతితో నేనే రాస్తున్న వీలునామా. నా తెలివి నిలకడగా ఉంది. గుండె మాత్రం లేదు. పొద్దుటి నుంచి అది పరుగెడుతున్నది. అక్షరాలు వంకర పోతే అనారోగ్యం అనుకోవద్దు. సంతోషంతో పోతున్నాయి.

1. గురువారం నాడు కరీంనగర్ దవాఖానలో నా కడుపులోని గడ్డ తీస్తారు. డాక్టరు భయం లేదన్నాడు. నాకూ లేదు. తిరిగి వస్తే ఈ కాగితం పెట్టెలో ఉంటుంది. రాకపోతే బయటికి తీయండి. బతికి ఉన్నన్నాళ్లు దీన్ని మార్చుకునే హక్కు, రద్దు చేసుకునే హక్కు నావే. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు.

నా తొందర గురువారం గురించి కాదు. ఈ పొద్దు గురించి. కాసేపట్లో దసలి పట్టు దారం తీసే నా సాలలోకి పనికి ఎవరు వస్తారో, ఎవరు రారో తేలుతుంది. సాల ఎవరిదో దాన్నిబట్టే రాస్తాను. అందుకే వాకిలి కనబడేటట్టు కూర్చొని రాస్తున్నాను. దీన్ని నడిపించే బాధ్యత బడి పంతులుగా చేసి రిటైరైన వేముల బుచ్చిరాములు గారికి అప్పగిస్తున్నాను. ఆయన ఎదురుగా కూర్చొని, నేను రాసింది తలకిందులుగానే చదువుతున్నారు. “వీలునామల ముచ్చట్లు రాస్తరా లస్మవ్వా” అని ఇప్పటికే ఒకసారి అన్నారు. నేను రాస్తాను.

2. నా ఆస్తి వివరం. మా బాపు పాలు పంచిన నాడు రిజిస్ట్రీ కాగితంతో నాకు విడిగా ఇచ్చిన దసలి పట్టు సాల ఒకటి. దానికి ఎల్లలు: తూర్పు కుమ్మరివారి దొడ్డి, పడమర బజారు తొవ్వ, ఉత్తరం తమ్ముడు హనుమండ్లు ఇల్లు, దక్షిణం గోదావరికి పోయే బండ్ల బాట. లోపల రెండు రాగి గుండిగలు, నాలుగు పొయ్యిలు, కాయల గంపలు, టేకు దూలాలు.

దసలి పని తెలియని అధికారి ఎవరైనా ఇది చదివితే వారి కోసం రెండు మాటలు. అడవిలో మద్దిచెట్ల మీద పురుగు కట్టుకున్న గూడును మేము కాయ అంటాం. కాయలను బూడిద నీళ్లలో ఉడకబెట్టి, నాలుగైదు కాయల పోగులు కలిపి, ఎడమ తొడ మీద అరచేత్తో పేని దారం తీస్తాం. నేను నలభై మూడేళ్లు తీశాను. ఆ చోట నా తోలు గాజులాగా నున్నబడింది. నన్ను చివరిసారి కడిగే ఆడవాళ్లు దాన్ని చూసి రోగం అనుకోవద్దు.

3. ఖానాపూర్‌లో ఉన్న నా చెల్లె శంకరవ్వకు నా పెట్టెలో అడుగున ఉన్న దసలి చీర. రంగు వేయలేదు. కాయ ఇచ్చిన రంగే. నేను పన్నెండో ఏట మొగుడు పోయి పుట్టింటికి వచ్చాను. చీరలకు దారం తీయడమే గాని నాకని ఒక్కటీ నేయించుకోలేదు. నలభై దాటాక ఒక్కటి నేయించుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. కట్టుకోనూ లేదు. నెలకోసారి తీసి, చెంపకు ఆనించుకొని, మళ్లీ పెట్టేదాన్ని. శంకరవ్వా, నువ్వు దాచిపెట్టకు. పండుగ కోసం ఆగకు. వచ్చిన రోజే కట్టుకొని చేనుకాడికి పో.

4. తమ్ముడు హనుమండ్లుకు బాపు వాడిన ఇత్తడి పాన్‌దాన్, కొయ్య కుర్చీ, నా పేర ఉన్న రెండెకరాల మొక్కజొన్న చేను సర్వహక్కులతో.

తమ్మునిమీద నాకు ఒక కోపం ఉంది. ఇక్కడ రాసి దించుకుంటాను. పోలీసు చర్యకు ముందటి నెలల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అవుతుంటే, వీడు పెళ్లాంపిల్లల్ని తీసుకొని గోదావరి దాటి చాందాకు పోయాడు. నాకు చెప్పి పోలేదు. పొద్దున్నే లేచి చూస్తే పక్కింటికి తాళం ఉంది. గొడవలు సద్దుమణిగాక వచ్చి తీశాడు గాని, పదహారేళ్లుగా ఆ తాళం నా కళ్ల ముందే ఉంది. పిల్లలున్నవాడు, పోక ఏం చేస్తాడు అని దేవుని ముందు ఎన్నోసార్లు అనుకున్నాను. నోటితో అన్నాను గాని మనసుతో అనలేదు. ఈ పొద్దు మనసుతో అంటున్నాను.

ఆ నెలల్లో నాకు తోడుగా సాలలోనే పడుకున్నది పనికి వచ్చే ఆడవాళ్లు. మీరూ పొండి అన్నాను. అందరిలోకి పెద్దది లింగవ్వ నా వైపు వింతగా చూసి, “ఏడికి పోతం అక్కా, కాయలు నానవోసి ఉన్నయి గద” అన్నది. ఆ మాటకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు. వాళ్లను నేను కట్టిన దారం ఆపింది అనుకున్నాను.

5. ఆ దారం సంగతి. మా సాలలో ఒక ఆచారం ఉంది. నిన్నటిదాకా ఉంది. పనికి కుదిరిన మనిషి కుడి మణికట్టుకు ఏడు పేటల దసలి దారం కట్టి, పొయ్యి ముందు నిలబెట్టి మూడు మాటలు అనిపిస్తాం. ఇంకో గడపలో దారం తీయను. పొద్దు గడప ఎక్కకముందే పనిలో కూర్చుంటాను. చెప్పినదానికి ఎదురు చెప్పను. ఆ దారం నీళ్లకూ బూడిదకూ లొంగదు. పాతబడితే దాని మీదే కొత్తది కడతాం.

ఇది మా బాపు పెట్టాడు. మంచి చేయి ఉన్న ఇద్దరు ఆడవాళ్లు ఇంకో సావుకారి దగ్గరికి పోయిన ఏడు పెట్టాడు. మిగతావాళ్లు గొణగకుండా ఉండడానికి మొదటి దారం నాకే కట్టాడు. అప్పుడు నాకు పదమూడేళ్లు. బాపు తర్వాత నేను కట్టాను. ఎందరికో కట్టాను. కట్టేటప్పుడు దేవుని పేరు కూడా తలచుకున్నాను. అందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

మూడు వారాల కింద కరీంనగర్ దవాఖానలో నర్సమ్మ నా చేయి పట్టుకొని, ఆపరేషన్ నాటికి చేతికి ఏమీ ఉండకూడదన్నది. విప్పలేనన్నాను. ఎందుకని అడిగింది. చేయి కొంగు కింద దాచుకున్నాను. ఆమె నవ్వి, కత్తెర తెచ్చి కత్తిరించింది. దారం కింద తోలు తెల్లగా, పసిబిడ్డ తోలులాగా ఉంది.

దాన్నే చూసుకుంటూ బస్టాండుకు వచ్చాను. వరంగల్ బస్సు నిలబడి ఉంది. నిర్మల్ మీదుగా భైంసా పోయే బస్సు నిలబడి ఉంది. నా కొంగున పైసలు ఉన్నాయి. ఏ బస్సు ఎక్కినా అడిగేవాళ్లు లేరు. యాభై ఆరేళ్లలో అట్లా నిలబడ్డది అదే మొదటిసారి. చాలాసేపు నిలబడ్డాను. తర్వాత మహదేవపూర్ బస్సు వచ్చింది. ఎక్కాను. ఎవరూ రమ్మనలేదు, ఏ దారమూ గుంజలేదు. పొద్దుటి గుండిగలో కాయలు ఎట్లా ఉడికాయో చూడాలనిపించింది. అంతే. బస్సులో నాలో నేను నవ్వుకుంటుంటే పక్కనామె కొంచెం జరిగి కూర్చున్నది.

నిన్న ఆదివారం సాయంత్రం, ఇప్పుడు పనికి వచ్చే ఆరుగురినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరి దారం నా చేతితో తెంపాను. మూడు మాటలూ వాపసు తీసుకున్నాను. కూలి ఎప్పటిలాగే ఉంటుంది, రేపటి నుంచి వస్తే రండి, లేకపోతే లేదు అన్నాను. తలలు వంచుకొని పోయారు. సాలను ఏం చేయబోతున్నానో వాళ్లకు చెప్పలేదు. చెబితే అది ఇంకో దారం అవుతుంది.

6. సాల గురించి. హనుమండ్లు దాన్ని ఎరువుల గోదాముకు అడుగుతున్నాడు. వాడు చెడ్డవాడు కాదు. వాడికి జాగా కావాలి. నిన్న దారాలు తెంపుతుంటే చూసి, “ఇగ ఒక్కతి గూడ రాదక్కా. కట్టేసినవు గనుకనే ఉన్నరు” అన్నాడు. నేను బుచ్చిరాములు గారి ముందర ఒప్పుకున్నాను. ఈ పొద్దు చేతికి దారం లేకుండా ఎవరూ పనికి రాకపోతే వాడు చెప్పిందే నిజం, సాల వాడిది. వస్తే, వచ్చినవాళ్లది.

కనుక నా తదనంతరం పైన చెప్పిన దసలి సాల, దానిలోని సామానుతో సహా, ఈ దిగువ పేర్లవారికి సమంగా చెందవలసింది:

ఇక్కడ ఆరు గీతల జాగా వదిలి ముందుకు పోతున్నాను. ఖాళీ కాగితాన్ని చూస్తే ఇంత ఆత్రం పుడుతుందని నాకు తెలియదు.

7. చెన్నూరు అవతల అడవిలో పురుగును పెంచే బక్కయ్యకూ, వాళ్ల వాడకట్టువారికీ సాల తూర్పు దూలం మీద హక్కు. ఇది దయ కాదు, మర్యాద కాదు. హక్కు. విత్తనం కాయలను దండలుగా గుచ్చి ఆ దూలానికే వేలాడదీస్తాం. వానలు పడగానే వాటిలోంచి సీతాకోకలు వస్తాయి, గుడ్లు పెడతాయి, అడవిలో పంట మొదలవుతుంది. పురుగు చెట్టు మీద ఉన్నన్నాళ్లు బక్కయ్య తలకు నూనె రాయడు, చెట్ల కిందికి చెప్పులతో పోడు, ఇంటికి వచ్చి భార్య పక్కన పడుకోడు. అంత నిష్ఠ నా పూజలో కూడా లేదు.

అటువంటి మనిషికి నేను ఒక తప్పు చేశాను. ఊరికి తెలుసు. అయినా రాస్తాను. 1958 ఎండాకాలంలో హైదరాబాదు సావుకారుకు దారం తక్కువ పడింది. నాకు మూడు రోజులుగా జ్వరం. కళ్లు మసకగా ఉన్నాయి. చేయి ఎత్తి తూర్పు దూలం చూపించి ఆ వరుస దించి ఉడకబెట్టమన్నాను. నేను చూపించింది విత్తనం దండలను. సాలలో తొమ్మిది మంది ఉన్నారు. తొమ్మిది మందికీ తెలుసు. అవి ప్రాణమున్న కాయలు, చెవి దగ్గర ఊపితే లోపల పురుగు బరువు తెలుస్తుంది. ఎనిమిది మంది నోరు విప్పలేదు. ఒక్క ఐలవ్వ మాత్రం లేచి, “అక్కా, గవి ఇత్తనం కాయలు” అన్నది.

నేను ఆమె ముఖం కూడా చూడలేదు. దారం కట్టుకున్న చేయి అడగదు, చేస్తుంది అన్నాను. అది మా బాపు మాట. ఐలవ్వే నిచ్చెన ఎక్కి దండలు దించింది. ఉడికాయి. వాసన వేరుగా వచ్చింది. అప్పుడు నాకు అర్థమైంది.

వానలు పడిన నాడు బక్కయ్య గంపతో వచ్చాడు. ఖాళీ దూలం చూశాడు. మెట్టు మీద కూర్చొని చాలాసేపు తన పాదాల దిక్కు చూసుకొని లేచి వెళ్లిపోయాడు. ఆ ఏడు వాళ్ల వాడకట్టు మొత్తం రోడ్డు కంకరపనికి పోయింది. మరుసటి ఏడు ఎక్కడినుంచో విత్తనం సంపాదించి, పంట తీసి, కాయలు మళ్లీ నా దగ్గరికే తెచ్చాడు. ఎందుకని అడిగాను. “మీ దూలం మంచిదక్కా. ఎలుకలు ఎక్కయి” అన్నాడు. నన్ను మెచ్చుకోలేదు, నిందించలేదు. దూలాన్ని మెచ్చుకున్నాడు. అందుకే దూలం ఆయనది.

8. బక్కయ్య వెళ్లిపోయిన ఆ రోజే ఐలవ్వ అందరి ముందర తన చేతి దారాన్ని పంటితో కొరికి తెంపింది. బజారులోకి నడిచింది. నేను వెనకాలే గడపలోకి వచ్చి, పదిమంది వినేటట్టు నమక్ హరాం అన్నాను. గట్టిగా అరిచి ఎరుగను నేను. ఆ రోజు అరిచాను. ఆమె వెనక్కి తిరగలేదు. చెన్నూరులో సర్కారు పెట్టిన దారం కేంద్రంలో కుదిరింది. అక్కడ చక్రం మీద దారం తీస్తారట. నేర్చుకున్నది. ఇతరులకు నేర్పుతున్నదట.

ఆ మాటను ఈ కాగితం మీద వాపసు తీసుకుంటున్నాను. తొమ్మిది మందిలో పనికి కట్టుబడి ఉన్నది ఆమె ఒక్కతే. నాకు కట్టుబడి ఉన్నవాళ్లు ఊరుకున్నారు. వాళ్ల తప్పు లేదు. ఊరుకొమ్మని ప్రమాణం చేయించింది నేను.

సాలలో ఐలవ్వకు కూడా మిగతావారితో సమంగా ఒక వాటా రాయదలచాను. మూడు రోజుల కింద బక్కయ్యతో కబురు పంపాను. వీలునామా రాస్తున్నాను, వీలైతే సోమవారం రా అని మాత్రమే చెప్పించాను. వస్తానన్నదా అంటే, విన్నది, చేతిలో పని ఉండె అన్నాడు.

9. పొద్దు గడప ఎక్కింది. ఎవరూ రాలేదు.

పై వాక్యం రాసి లేచి బజారు దాకా పోయి చూసి వచ్చాను. ఎవరూ లేరు. హనుమండ్లు తన అరుగు మీద చాయ్ తాగుతున్నాడు. నా వైపు చూడడం లేదు. అంటే నా మీద జాలిపడుతున్నాడు. బుచ్చిరాములు గారు కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. గీతల జాగా అట్లాగే ఉంది. నేను కళ్లు మూసుకొని ముక్తీశ్వరుని తలచుకున్నాను. వాళ్లు రావాలని మొక్కలేదు. రాకపోతే వాళ్ల మీద కోపం రాకుండా చూడమని మొక్కాను.

పొద్దు రెండో మెట్టు కూడా దాటింది. హనుమండ్లు లేచి వచ్చి, ఇగ రాయి అక్కా అని మెల్లగా అన్నాడు. నేను కలం తీసుకున్నాను. అతని పేరులో మొదటి అక్షరం రాశాను. కాగితంలో కొట్టేసి ఉన్న ‘హ’ అదే. కొట్టివేత పక్కన నా సంతకం పెట్టాను.

ఎందుకు కొట్టేశానంటే, ఆ అక్షరం దగ్గర ఉండగా నవ్వులు వినబడ్డాయి. ముందు పోశవ్వ, వెనక బుచ్చవ్వ, రామవ్వ, మల్లవ్వ. నలుగురూ గుంపుగా, తీరికగా, జాతరకు పోతున్నట్టు నడిచి వస్తున్నారు. పోశవ్వ పెదవుల మీద పచ్చడి ఎరుపు ఇంకా ఉంది. “ఇరవై ఏండ్ల సంది పొద్దుగాల బువ్వ తినలే అక్కా. ఇయ్యాల కూసొని తిన్న. జర ఆలిస్యమైంది” అన్నది. మిగతా ముగ్గురూ తినే వచ్చారు. తినడానికే ఆగారు. నేను వాళ్లను ఇన్నేళ్లు ఆకలితో కూర్చోబెట్టానన్న సంగతి నాకు ఈ పొద్దే తెలిసింది. పొయ్యి అంటించారు. నా అనుమతి అడగలేదు. మల్లవ్వ గుండిగలో చేయి పెట్టి చూసి, బూడిద ఎక్కువైందని నన్నే కసిరింది. ఇంత సంతోషం నేను ఓర్చుకోలేను. రాస్తూ రాస్తూ రెండుసార్లు లేచి పోయి వాళ్లను చూసి వచ్చాను.

లింగవ్వ అందరికన్నా ఆఖరున వచ్చింది. మణికట్టుకు దారం ఉంది. నిన్న నేను తెంపినదాన్ని ఏరుకొని పోయి, ఇంట్లో ముడివేసి కట్టుకున్నది. హనుమండ్లు ఆ దారం మీద తప్పు పట్టాడు. దారం లేకుండా వస్తేనే గద అన్నాడు. బుచ్చిరాములు గారు ఆలోచనలో పడ్డారు. లింగవ్వ ఇద్దరినీ ఎగాదిగా చూసి నాతో, “తెంపింది నువ్వు, కట్టుకున్నది నేను. నా చెయ్యి నా ఇష్టం” అన్నది. హనుమండ్లే ముందుగా నవ్వాడు. పోయి తన ఇంట్లోంచి వాళ్లకు కడివెడు మంచినీళ్లు తెప్పించాడు. తమ్ముడు అంటే వీడు.

10. ఆరో మనిషి సత్తమ్మ రాలేదు. భైంసాలో కూతురు దగ్గరికి పోతున్నది, అక్కడి జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పని దొరుకుతుందట. రామవ్వతో చెప్పి పంపింది. చెప్పడానికి ముఖం చెల్లలేదట. ఆమెకు నా పెట్టెలోని నేత చీర ఒకటి, ఆమె కూర్చునే పీట, దారికి రొట్టెలు ఈ పొద్దే పంపవలసింది. ఎవరూ ఆమెను ఏమీ అనవద్దు. పన్నెండేళ్లు దారం తీసిన చేయి అది. పోయే ముందు వచ్చి కనబడమని మాత్రం చెప్పండి. తిట్టడానికి కాదు.

11. కనుక ఆరో నంబరులో వదిలిన జాగాలో ఈ పేర్లు నా చేతితో నింపాను: లింగవ్వ, పోశవ్వ, బుచ్చవ్వ, రామవ్వ, మల్లవ్వ. నా తదనంతరం సాల ఈ ఐదుగురిది. కింది మాటలకు లోబడి అనుభవించాలి.

సాలను అమ్మకూడదు, కుదువ పెట్టకూడదు. వాటా కడుపున పుట్టినవాళ్లకు పోదు, సాలలో కూర్చొని దారం తీసేవాళ్లకే పోతుంది. కొత్తగా కుదిరిన మనిషి ఏడాది నిండితే సమాన వాటాదారు.

ఎవరి చేతికీ దారం కట్టకూడదు. తనంతట తాను కట్టుకుంటే విప్పమనకూడదు.

బువ్వ తిని రావాలి.

ఇంకోచోట మంచి పని దొరికి పోయే మనిషికి చీర పెట్టి, అన్నం పెట్టి పంపాలి. తిరిగి వస్తే ఏమీ అడగకుండా కూర్చోబెట్టాలి.

నా పేరు మీద దీపాలు, పూజలు ఏవీ వద్దు. సోమవారాలు నేను చేసుకున్నది చాలు. దేవునికి నా సంగతి తెలుసు.

12. ఇక్కడితో ముగించి సంతకం పెట్టబోతే సాక్షుల దగ్గర ఆగింది. ఇద్దరు కావాలి. ఒకరు బుచ్చిరాములు గారు. రెండో సాక్షిగా హనుమండ్లును అనుకున్నాను. వాటా ఉన్నవాళ్లు సాక్షి సంతకం పెడితే రేపు పేచీ వస్తుందని బుచ్చిరాములు గారు ఆపారు. చుట్టూ చూస్తే సాలలో ఉన్న అందరికీ వాటా ఉంది. ఎవరిని పిలవాలా అని మాట్లాడుకుంటుండగా బండ్ల బాట దిక్కునుంచి ఐలవ్వ వచ్చింది.

గోదావరి ఇసుక దాటి నడిచి వచ్చింది. పాదాలు ఎర్రబడి ఉన్నాయి. జుట్టు కొంచెం నెరిసింది. గడప బయటనే ఆగింది. ఎనిమిదో నంబరు తీసి ఆమె ముందర చదివాను. కాగితం చదవడమే నాకు చేతనైంది. నమక్ హరాం అన్న మాట దాకా చదివి కాగితం పక్కకు ఇచ్చాను. మిగతాది బుచ్చిరాములు గారు చదివారు.

అంతా విని ఆమె లోపలికి వచ్చి కూర్చున్నది. తనకు వాటా వద్దన్నది. “గక్కడి పని నాకు నచ్చింది అక్కా. ఇడిసిపెట్టి రాను. సాక్షి లేడంటున్నరు గద, కలం ఇటియ్యుండ్రి” అన్నది. సాక్షి సంతకం పెడితే వాటా పెట్టుకోవద్దు, తెలుసా అని బుచ్చిరాములు గారు విడమరిచి చెప్పారు. తెలుసునన్నది. సంతకం చేయడం కేంద్రంలో నేర్చుకున్నదట. మొదటిసారి పనికొచ్చే చోట పెడతానన్నది.

కలం అందుకోకముందు మళ్లీ నా దిక్కు చూసింది. “ఆనాడు ఒక్కపారి చెప్పి ఊకున్న అక్కా. రెండోపారి చెప్పాల్సుండె” అన్నది.

ఆ మాట కూడా తను ఆరేళ్లు మోసింది. నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఎంతసేపో తెలియదు. మల్లవ్వ వచ్చి కాయలు ఎక్కువ ఉడుకుతున్నాయి, ఏడ్చేవాళ్లు తర్వాత ఏడ్వండి అన్నదాకా పట్టుకున్నాను.

కనుక ఆమె కోరిక ప్రకారం ఐలవ్వకు ఈ కాగితంలో ఏ ఆస్తీ రాయలేదు. పదకొండో నంబరుకు ఆమె మాటను చేర్చి, ఈ సాల ఉన్నన్నాళ్లు నడవవలసిన కట్టడిగా రాస్తున్నాను: ఇక్కడ పని చెప్పేవాళ్లు ఎవరైనా, చెప్పింది తప్పు అని తోస్తే చేసే మనిషి అడ్డం చెప్పాలి. వినకపోతే రెండోసారి చెప్పాలి. రెండోసారి చెప్పినాక పని చెప్పినవాళ్లు లేచి వచ్చి, కాయను చేతిలోకి తీసుకొని, చెవి దగ్గర పెట్టుకొని చూడాలి.

ఇది నేను చదువుకొని, సాలలో ఉన్న అందరికీ చదివి వినిపించి, ‘హ’ కొట్టివేతను ఒప్పుకొని, సాక్షుల కళ్ల ముందర సంతకం పెట్టినది. క్రోధి నామ సంవత్సరం, చైత్ర మాసం, సోమవారం, 1964 ఏప్రిల్ 27, మహదేవపూర్, సాలలో, పొయ్యిలు మండుతుండగా.

(సంతకం) ఆడెపు లస్మవ్వ

మా ఎదుట సంతకం చేసినందుకు సాక్షులు:

1. (సంతకం) వేముల బుచ్చిరాములు, రిటైర్డు ఉపాధ్యాయుడు, మహదేవపూర్

2. (సంతకం) ఐలవ్వ, దారం పని, చెన్నూరు